ప్రభావతి కారు, పసుపు రాసిన గుంజ

చప్పుడంటే నాకు ఒళ్ళుమంట. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వీధి దాటిపోయేదాకా చెవుల్లో వేళ్ళు పెట్టుకునే మనిషిని. అలాంటి నేను ఒక దసరానాడు, నారాయణగూడలో మా ఆడపిల్లల బడి వెనక సిమెంటు గచ్చు పక్కన నిలబడి, గుప్పెట్లో పట్టే ఒక ఇంజను పెట్టిన కేకకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. అంతపని చేయించింది ప్రభావతి.

ప్రభావతి మా బడిలో సైన్సు టీచరు. నేను తెలుగు చెప్పేదాన్ని. ఆమెది చిక్కడపల్లి, తాతలనాటి నుంచీ అక్కడే. మాది తణుకు దగ్గర ఊరు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు మా ఆయన ఆఫీసుతోపాటు వచ్చి అశోక్‌నగర్లో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. పొద్దున్నే నేను అశోక్‌నగర్ నుంచి బయల్దేరితే చిక్కడపల్లి సందు మొదట్లో ఆమె కలిసేది, ఇద్దరం కలిసి బడికి నడిచేవాళ్ళం. మనిషి పొట్టి, అడుగు మాత్రం మహా పొడుగు. నేను పరిగెత్తాల్సి వచ్చేది. చేతిసంచీలో చాక్‌పీసులతోపాటు ఒక స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉండేది. దగ్గరికి వస్తే ఆముదం వాసన. తలకు రాసుకుంటుందని అందరూ అనుకునేవారు. తలకు ఆమె వాడేది కొబ్బరినూనె. ఆముదం ఇంజన్లకు.

ఆమెలో నాకు గిట్టనిది ఒక్కటే. నూనె చేతిని నేరుగా చీరకొంగుకు తుడుచుకునేది. వెంకటగిరి చీరయినా అంతే. "గుడ్డముక్క ఒకటి సంచీలో పెట్టుకోవచ్చు కదా ప్రభా" అని రోజూ తిట్టేదాన్ని. "పెట్టుకుంట కమలక్కా" అని రోజూ అనేది.

ఆమె తండ్రి వీరేశం గారు ముషీరాబాదు బస్సు డిపోలో మేస్త్రీ. తల్లి చిన్నప్పుడే పోతే, పిల్లను ఎక్కడ వదలాలో తెలియక తనతో డిపోకు తీసుకుపోయేవారట. అక్కడ కూతురికి ఆయన నేర్పిన ఆట ఒకటే. కళ్ళు మూసుకుని బస్సు ముందర నిలబడాలి, దానికేం రోగమో చెప్పాలి. పదేళ్ళొచ్చేసరికి ఆ పిల్ల, లోపలికొచ్చే బస్సును గోడ అవతల నుంచి విని ఏ పనికొచ్చిందో చెప్పేదట. ఇది ఆమె నాకు గొప్పకు చెప్పలేదు. నాకు పాట వినగానే రాగం తెలుస్తుంది, ఆమెకు ఇది తెలుస్తుంది, అంతే.

వీరేశం గారు పోయాక అన్నలు ఆయన సామానును పాత ఇనుము వాడికి వేయబోతే ఈమె అడ్డం పడింది. బల్లకు బిగించి ఇనుమును పట్టి ఉంచే పెద్ద వైసు, చేతి డ్రిల్లు, ఆకురాళ్ళు, మాట్లు పెట్టే కడ్డీ, సుత్తులు, అన్నీ రిక్షాలో వేసుకుని బడికి తెచ్చింది. అప్పటి పెద్ద టీచరమ్మ గచ్చు పక్కన ఖాళీగా ఉన్న గది ఒకటి ఇచ్చింది. శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలో పిల్లలకు ఫ్యూజు వేయడం, సైకిలు పంచరు అతకడం, కిరసనాయిలు స్టవ్వు విప్పి కడగడం నేర్పేది. మా బడి పిల్లల ఇళ్ళల్లో స్టవ్వు మొరాయించి వంట ఆగిన రోజు లేదంటే అతిశయోక్తి కాదు. మా ఇంటి స్టవ్వుతో సహా.

అరవైతొమ్మిదిలో బడులు ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియదు. ఊరంతా ఊరేగింపులు, కర్ఫ్యూలు. మాలాంటి కోస్తావాళ్ళ ఇళ్ళల్లో భయం. సాయంత్రం మా ఆయన గేటు తీసిన చప్పుడు వినేదాకా నాకు ప్రాణం కుదుటపడేది కాదు. ఆ రోజుల్లో ప్రభావతి చిక్కడపల్లి నుంచి నడుచుకుంటూ రోజూ మా ఇంటికి వచ్చేది. వచ్చి, పక్కింటివాళ్ళకు కనపడేలా మా వరండాలో కూర్చునేది. నాకు తోడుగా వచ్చానని ఒక్కనాడూ అనలేదు.

"ఇంజన్ ఆవిరికి పెట్టాలె కమలక్కా. మా ఇంట్ల అంత పెద్ద గిన్నె లేదు, మీ ఇడ్లీ పాత్ర ఇయ్యి" అంది మొదటిరోజు.

ఇడ్లీ పాత్రలో ఇంజను. వినగానే నా ఒళ్ళు మండింది. చూస్తే అది ఇంజనులా కూడా లేదు. గుప్పెట్లో ఇమిడిపోయే అల్యూమినియం ముద్ద, ఒంటినిండా రెక్కలు, నెత్తిన ఒక చిన్న ప్లగ్గు. ఎన్.సి.సి.లో బొమ్మ విమానాలు ఎగరేయించే ఆఫీసరొకాయన, ఇది బిగుసుకుపోయింది, ఇక పనికిరాదని ఆమెకు ఇచ్చేశాడట. లోపలి పిస్టను కదలడం లేదు.

"సచ్చిపోలేదక్కా ఇది. దీని ఆయిల్ల ఆముదం కలుస్తది గదా, వాడకుండ పక్కకు పెడితే ఆ ఆముదం ఎండి బంక అయితది. జర వెచ్చగ చేస్తే అదే ఇడుస్తది."

గుడ్డలో చుట్టి, ఇడ్లీ రేకు మీద పెట్టి ఆవిరి పట్టింది. పొడిగా తుడిచి, నాలుగు చుక్కలు స్పిరిట్ పోసి, వేలితో మెల్లగా తిప్పింది. అది కదలలేదు. మళ్ళీ ఆవిరి పట్టింది. అలా కొన్నాళ్ళు. నేను తిడుతూ పాత్ర తోముకోవడం, ఆమె మర్నాడు మళ్ళీ రావడం. చివరికి ఒక మధ్యాహ్నం ఆ పిస్టను గుటుక్కున మింగినట్టు చప్పుడు చేసి కిందికి జారింది. ప్రభావతి నా మొహంలోకి చూసి నవ్వింది. వీధి చివర ఏవో నినాదాలు వినబడుతున్నాయి, నాకు భయం వేయలేదు. ఆ పాత్ర ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అడుగు సొట్టపోయినా పారేయలేదు, పారేయను కూడా.

బడి తెరిచాక ఆ ఇంజనుకు కారు కట్టారు. సికింద్రాబాదు పాత పుస్తకాల కొట్లో దొరికిన ఇంగ్లీషు పత్రికలో బొమ్మ ఉంది. అది చూసి ప్రభావతీ పిల్లలూ కలిసి బిస్కెట్ల డబ్బా రేకుతో మూరెడు కారు చేశారు. దాన్ని వదిలేస్తే ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని గచ్చు మధ్యలో ఒక గుంజ పాతి, దాని నెత్తిన పాత సైకిలు చక్రం నడుమ తిరిగే హబ్బు బిగించి, హబ్బు నుంచి ఉక్కు తీగ లాగి కారు పక్కన ఉన్న కొక్కేనికి తగిలించారు. కారు గుంజ చుట్టూ గుండ్రంగా పరిగెత్తాలి. కొక్కేలు రెండు పక్కలా పెట్టించింది. రేకు పని రెండువైపులా సమంగా ఉండకపోతే ఆమెకు నిద్రపట్టదు. ఇంధనం పోసే ట్యాంకు మాత్రం పత్రికలో ఉన్నట్టే చేసింది. నాలుగు పలకల రేకు డబ్బా, ఇంజనుకు వెళ్ళే గొట్టం నోరు లోపల కుడి గోడకు ఆనుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే అది కనబడదు.

ఇంధనం కలపడం మరో తతంగం. స్పిరిట్టూ, ఆముదమూ, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే బంధువు దగ్గర తెచ్చిన నైట్రోమీథేన్ అనే ద్రవం కొద్దిగానూ. ప్లగ్గుకు బ్యాటరీ తీగ తగిలిస్తే లోపల చిన్న తీగచుట్ట ఎర్రగా వెలుగుతుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేయవచ్చు. ఇంజను పక్కన సన్నటి సూది ఒకటి ఉంటుంది. దాన్ని విప్పితే ఇంధనం ఎక్కువ వెళుతుంది, బిగిస్తే తక్కువ. ప్రభావతి విద్యంతా ఆ సూది దగ్గరే.

"ఇంజన్‌కు మూడే రోగాలు" అని పిల్లలకు చెప్పేది. "ఆకలి, అజీర్తి, చలి. ఆకలైతే సన్నగ ఈల ఏసినట్టు అరిచి ఆగుతది. అజీర్తి అయితే బొంగురు గొంతుతోటి పొగ, నూనె కక్కుతది. చలి అంటే ప్లగ్గు ఎలుగుతలేదన్నట్టు, అసలు అందుకోదు. ముందుగాల చెవి పెట్టి ఇనుండి. ఇనకుండ సూది మీద చెయ్యి పెట్టినోళ్ళకు నా గదిల పని లేదు."

ఇంకోమాట కూడా చెప్పేది. ఇంజను నిలబడి ఉన్నప్పుడు సూది బిగించి బాగా కేక పెట్టించాలని అందరికీ ఉబలాటం. అలా బిగిస్తే పరుగులో దానికి తిండి చాలదు. "మా నాయిన చెప్పెటోడు, నిలబడ్డప్పుడు జర బొంగురుగనే ఉండనియ్యి అని. ఉరుకుడు మొదలైతే గొంతు అదే తేటపడతది." పరీక్షకు రోజూ పరుగు పెట్టించేవాళ్ళు. కారు ఝామ్మని తిరిగేది. నేను స్టాఫ్‌రూములో తలుపేసుకుని కూర్చునేదాన్ని.

దసరాకు ముందు బడి కమిటీ ప్రెసిడెంటు సూర్యప్రకాశరావు గారు వచ్చారు. నిజాం కాలంలో తహసీల్దారు చేసిన పెద్దమనిషి, తెల్ల షేర్వాణీ, చేతికర్ర, మెత్తటి మాట. ఎవరో దాతలు కుట్టుమిషన్లు ఇస్తున్నారని, వాటికి గది కావాలని, ప్రభావతి గది అయితే బాగుంటుందని చెప్పారు. కుట్టు నేర్పడం తప్పని నేననను. నేనూ నా జాకెట్లు కుట్టుకుంటాను. కానీ ఆ గది పోతే వీరేశం గారి వైసు ఎక్కడికి పోతుంది? చిక్కడపల్లి ఇంట్లో అన్నల పిల్లలకే చోటు లేదు. ఆ శనివారాలు ఎక్కడికి పోతాయి?

"సార్, నా గదిల ఏం అయితదో మీరు ఒక్కసారి చూడుండి. చూసినంక మీ ఇష్టం" అంది ప్రభావతి. గొంతులో బెదురు లేదు.

"మంచిదే బిడ్డా. ఆయుధపూజనాడు కమిటీ అంతా వస్తరు. గప్పుడు చూపియ్యి. నచ్చితే గది నీదే. లేకుంటే ఆ రోజే చాబీ నాకు ఇయ్యాలె, పరేషాన్ చెయ్యొద్దు."

"గట్లనే సార్."

నడుస్తూ ఇంటికి వెళ్ళేటప్పుడు నేనే గాభరా పడ్డాను. ఆమె మాత్రం, "రోజు ఉరుకుతున్నది గదక్కా, ఆ రోజెందుకు ఉరకదు?" అంది.

ఆయుధపూజనాడు గది ముందర కొత్త చాప పరిచి సామానంతా దాని మీద పేర్చారు. వైసు మీద పసుపు, డ్రిల్లు మీద కుంకుమ, స్క్రూడ్రైవర్ల వరసకు బంతిపూల దండ. మా ఆయా కురుమమ్మకు అలాంటి రోజున పట్టపగ్గాలుండవు. గచ్చు మధ్యలో పాతిన గుంజను కూడా వదల్లేదు. కింద నుంచి పైదాకా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, మొదట్లో కొబ్బరికాయ కొట్టింది. కారుకూ బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టుకోకూడదు, బండిని మాత్రం కదిలించాలి. అది అందరికీ తెలిసిన పద్ధతే.

కమిటీవాళ్ళు కుర్చీల్లో, తల్లిదండ్రులు బెంచీల వెనక నిలబడ్డారు. ప్రభావతి కారుకు తీగ తగిలించి, వెనక చక్రాలను చెక్కదిమ్మ మీద ఎత్తి, ఇంజనుకు తాడు చుట్టి లాగింది. ఒక్క లాగుకే అందుకుంది. సూది సవరించి, బ్యాటరీ తీసి, దిమ్మ తప్పించి పంగలకర్రతో తోసింది. నిమ్మకాయలు చితికాయి. కారు కదిలింది, తీగ బిగిసింది. జనం చప్పట్లు కొట్టారు. గుంజ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో దాని గొంతు సన్నబడి, ఈలలా సాగి, టక్కున ఆగిపోయింది.

"ఆకలి" అంది ప్రభావతి, తనలో తను అనుకుంటున్నట్టు. సూది కొంచెం విప్పింది. మళ్ళీ లాగింది. ఈసారి ఇంజను బొంగురుపోయి పొగ కక్కింది, ఆముదం వాసన కుర్చీలదాకా కొట్టింది. కమిటీ సభ్యుడొకాయన ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు. తోసింది. కారు బయల్దేరింది, గొంతు తేటపడింది, తేటపడి ఇంకా సన్నబడింది, ఈల వేసి ఆగింది. ముందు ఆగిన చోటికి కాస్త అవతల.

ఇక మొదలయ్యాయి వెనక నుంచి మాటలు. ఆముదంతో కారేమిటి అని ఒకరు, ఆడపిల్లలకు ఈ నల్లమసి ఎందుకని ఒకరు. నా చేతిలో బెత్తం లేకపోబట్టి సరిపోయింది. ప్రభావతి అవేవీ వినలేదు. ప్లగ్గు తీసి బ్యాటరీకి పెట్టి చూసింది, ఎర్రగా వెలిగింది. గొట్టం ఊడదీసి ఊదింది, గాలి సాఫీగా వచ్చింది. కారు ఎత్తి చెవి దగ్గర ఊపింది. ట్యాంకు నిండా ఉంది, గళగళమంటోంది.

మూడోసారీ అంతే జరిగింది.

"కడుపుల అన్నం పెట్టుకొని ఆకలితోటి సస్తున్నది" అంది ఆమె నా దగ్గరికొచ్చి. మొహంలో భయం లేదు, చిరాకు ఉంది. బస్సు రోగం అందక వీరేశం గారు కూడా అలాగే మొహం పెట్టేవారేమో.

సూర్యప్రకాశరావు గారు లేచి వచ్చారు. "పోనీ బిడ్డా, నువ్వు మస్తు కష్టపడ్డవు, నేను చూసిన" అని చెయ్యి చాపారు. ఆ చెయ్యి ఎందుకు చాపారో అందరికీ తెలుసు. ప్రభావతి నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టింది. మాట ఇచ్చింది కాబట్టి ఇచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"సార్, అందరు ప్రసాదం తినేదాంక టైమియ్యుండి" అంది.

"తిననియ్యి, దానికేముంది" అన్నారాయన, తాళంచెవి షేర్వాణీ జేబులో వేసుకుంటూ.

అందరూ పులిహోర కోసం వరండాలోకి వెళ్ళారు. ప్రభావతి కారు పక్కన గొంతుకూర్చుని దానివైపు చూస్తూ ఉండిపోయింది. నాకు ఇంజన్లు తెలియవు. తెలిసింది ఒక్కటే. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. స్వామి దూరంగా ఉన్నాడు, పసుపూ కుంకుమా పెట్టిన గుంజ ఎదురుగా ఉంది. చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. సైన్సు టీచరు స్నేహితురాలు చేసే పనేనా అంటే, నేను తెలుగు టీచర్ని.

నాలుగైదు చుట్లు తిరిగానేమో. "కమలక్కా, ఆగు" అంది ప్రభావతి.

ఆగాను.

"ఎటు తిరుగుతున్నవ్?"

"ఎటేమిటి? అందరూ ఎటు తిరుగుతారో అటే. ప్రదక్షిణం."

"గుంజ నీకు ఏ దిక్కున్నది?"

"కుడిచేతి వైపు. ఎడమవైపు పెట్టుకుని తిరగడానికి నాకేం పోయేకాలమా?"

ఆమె మెల్లగా లేచి నిలబడింది. "నిన్నటిదాంక కారుకు గుంజ ఏ దిక్కుండె?"

నేనెప్పుడు చూశాను కనక? స్టాఫ్‌రూములో చెవులు మూసుకుని కూర్చున్నదాన్ని. ఆమే చెప్పింది. నిన్నటిదాకా అది ఉత్త గుంజ. పత్రికలో బొమ్మ ఎలా ఉంటే అలా, గుంజ ఎడమవైపు ఉండేట్టు కారును తిప్పేవాళ్ళు. ఇవాళ పొద్దున కురుమమ్మ పసుపు రాసింది. ఆ తరవాత ప్రభావతి కారు తెచ్చి, గుంజను కుడివైపు ఉంచి, కుడి కొక్కేనికి తీగ తగిలించి కింద పెట్టింది. ఎందుకలా పెట్టావని ఎవరూ అడగలేదు, ఆమే తనను తాను అడగలేదు. బొట్టు పెట్టిన దాని చుట్టూ ఇంకోవైపు తిరగవచ్చన్న ఊహ మాలో ఒక్కరికి కూడా రాలేదు.

"అయితే ఏమయింది?" అన్నాను.

"చౌరస్తాల డబుల్ డెక్కర్ బస్సు మలిగితే లోపటున్న మనం ఎటు ఒరుగుతం?"

"బయటి వైపుకు. ఒక్కోసారి పక్కావిడ ఒళ్ళోకి."

"ట్యాంకుల ఆయిల్ గూడ గంతే. ఉరికేటప్పుడు మొత్తం బయటి గోడకు పోతది. నిన్నటిదాంక బయటి గోడ కుడిగోడ, గొట్టం నోరు ఆడనే ఉన్నది, కడుపునిండ తాగింది. ఇయ్యాల బయటి గోడ ఎడమది. ఆయిలంత ఎడమకు పోయింది, గొట్టం కుడికి ఎండకు కూసున్నది." అని నవ్వింది. ఆ రోజు మొదటిసారి నవ్వడం. "నిలబెట్టి చూస్తే ఏ రోగం లేదు. మలిగితేనే ఆకలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే తీగ ఎడమ కొక్కేనికి తగిలించి నిన్నటిలా తిప్పెయ్. ఎవరు చూస్తారు?"

"అందరు చూస్తరు. ఫస్టు కురుమమ్మ చూస్తది. పూజ చేసిన గుంజకు ఉల్టా తిప్పితే, కారు ఎంత మంచిగ ఉరికినా అపశకునం అంటరు. నా గదికి ఆ మాట వద్దక్కా." కారును బోర్లా తిప్పి చూసింది. "తప్పు గుంజది కాదు, కురుమమ్మది కాదు. ట్యాంకుది. ట్యాంకునే తిప్పుదాం."

ట్యాంకును పట్టీతో బిగించిన మరలు రెండే. వాటిని విప్పడానికి ఏమీ లేదు. స్క్రూడ్రైవర్లన్నీ చాప మీద బంతిపూల కింద ఉన్నాయి. నేను అటు చూశాను. వరండాలో నుంచి కురుమమ్మ నావైపు చూసింది. అప్పుడు ప్రభావతి తన చేతిసంచీ అందుకుంది. చాక్‌పీసుల మధ్య నుంచి, పూజకు అందకుండా తప్పించుకున్న ఆ ఒక్క స్క్రూడ్రైవరూ బయటికొచ్చింది.

ట్యాంకును పక్కకు పొర్లించినట్టు తలకిందులు చేసి మళ్ళీ బిగించింది. ఇప్పుడు గొట్టం నోరు ఎడమ గోడకు వచ్చింది. కాకపోతే ట్యాంకు నెత్తిన ఉన్న, గాలి ఆడే సన్నగొట్టాలు అడుక్కి వచ్చాయి, వాటిలోంచి ఇంధనం కారిపోతుంది. సైకిలు వాల్వు రబ్బరు ముక్కలు వాటికి తొడిగి, పైకి వంచి, తన జడలోని క్లిప్పుతో పట్టించింది. జడ ఊడిపోయింది. పట్టించుకోలేదు.

పులిహోర చేతులు కడుక్కుని అందరూ తిరిగి వస్తున్నారు. కొందరు ఇళ్ళకు బయల్దేరబోతూ ఆగారు. ప్రభావతి తాడు లాగింది. ఇంజను అందుకుంది. సూది మీద వేలు పెట్టి, తల ఒక పక్కకు వాల్చి వింది. గొంతు బొంగురుగా ఉంది. పొగ వస్తోంది.

"ఏందమ్మా, మళ్ళ అట్లనే ఉన్నది గద" అన్నారు సూర్యప్రకాశరావు గారు, జాలిగా.

"అట్లనే ఉండాలె సార్" అంది ఆమె. సూది ముట్టుకోలేదు. బ్యాటరీ తీసి, పంగలకర్రతో తోసింది.

కారు దగ్గుతూ బయల్దేరింది, గుంజను కుడివైపు పెట్టుకుని. ఒక చుట్టు. ముందు ఆగిన చోటు దగ్గరికి వచ్చింది. ఆ చోటు దాటింది. దాటి, గొంతు సవరించుకుంది. బొంగురు పోయింది, పొగ పోయింది. ఇంకో చుట్టుకు అది కేక అందుకుంది. నిండుగా, ఎక్కడా వణక్కుండా, గోడలు మారుమోగేలా. కారు కంటికి ఆనడం మానేసింది, ఎర్రటి గీతలా గుంజ చుట్టూ తిరుగుతోంది. మామిడాకులు ఆ గాలికి ఊగుతున్నాయి. పిల్లలు కూడా అరిచారట, నాకు వినబడలేదు. నేను చెవులు మూసుకోలేదు. అప్పుడే చేతులు జోడించాను.

అది ఆగలేదు. ఎంతసేపంటే, ముక్కుకు రుమాలు పెట్టుకున్న ఆయన రుమాలు తీసి, లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. చివరికి ఇంధనం అయిపోయి, ఒక దగ్గు దగ్గి, మెల్లగా దొర్లుతూ నిలిచింది. ప్రభావతి దాన్ని ఎత్తి, క్లిప్పు తీసి, సన్నగొట్టాలను కిందికి వదిలి, కమిటీ ముందు ఊపింది. చుక్క పడలేదు.

"కడుపునిండ తిన్నది సార్" అంది.

సూర్యప్రకాశరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆమె గుంజకు అవతల నిలబడి ఉంది. గుంజను ఎడమవైపు ఉంచుకుని వెళితే నాలుగడుగులు. ఆయన కుడివైపు గుంజను ఉంచుకుని, చేతికర్ర ఆనించుకుంటూ, చితికిన నిమ్మకాయలు తొక్కకుండా, గుంజ చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చారు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"మిషన్లు వరండాల పెట్టుకుంటం. అవి ఖరాబైతే చూసేటిది గూడ నువ్వే" అన్నారు.

ప్రభావతి ఆ నూనె చేతులను చీరకొంగుకు తుడుచుకుంది. పండగకు కట్టుకున్న గద్వాల చీర, తెల్లటి కొంగు. నల్లటి మరక ఇంత మేర పడింది. నేను చూశాను, ఏమీ అనలేదు.